పెద్దావిడకి నీళ్ళు పొయ్యొద్దు

ఆ సోమవారం పొద్దున చెవులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కిటికీ దగ్గరున్న పెద్దావిడని కుండీలోంచి పైకి తీయించాలి, వేళ్ళకి కాస్త ఎండ తగలనివ్వాలి, సాయంత్రం వచ్చాక కుళ్ళినంత మేరా కోసేసి మిగిలినదాన్ని పొడి మట్టిలో పెట్టాలి. అంతే. దీనికి ఆఫీసు వ్యాను, పూలగుత్తి, ఫోటోగ్రాఫరు అవసరమవుతారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పెద్దావిడ అంటే మొక్క. ఒంట్లోనే నీళ్ళు దాచుకునే సక్యులెంట్ జాతిది. గాలి ఊదినట్టు ఉబ్బిన ఆకులు, పొట్టి మెడ, వెడల్పాటి ఒళ్ళు. చెవులాయన భార్య ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడి నర్సు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ ఆ మొక్కని ఆమె చేతిలో పెట్టి, "జాగ్రత్తండీ, నాకంటే పెద్దావిడ" అంది. ఆ మాటే పేరైపోయింది. ఎప్పుడు చూసినా ఒకే చోట కూచుని, ఇంట్లో జరిగేదేదీ తనకి నచ్చడం లేదన్నట్టు మొహం పెట్టుకునే ఆ మొక్కకి అది అతికినట్టు సరిపోయింది కూడా.

చెవులాయనకీ ఒక అసలు పేరుంది గానీ దాన్ని ఎవరూ వాడరు. చెవి మిషన్లు అమ్మే కంపెనీలో రిపేరు విభాగం అంటే ఆయనొక్కడే. పొద్దస్తమానం వినపడనివాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు ఒక స్థాయిలో బిగుసుకుపోయింది. రహస్యం చెప్పినా పక్క వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూస్తారు.

మొక్క ఇంటికొచ్చిన కొత్తలో ఆయన దానిమీద ప్రాణం పెట్టుకున్నాడు. "పాపం, నోరు లేనిది" అంటూ రోజూ పొద్దున టీ తాగిన గ్లాసు కడిగి దాని నిండా నీళ్ళు పోసేవాడు. అది కాదనకుండా అన్నీ తాగింది. తాగి తాగి మొదలు దగ్గర మెత్తబడింది. అప్పుడు చెవులాయన ఒక ఆదివారం కూచుని సక్యులెంట్ల పెంపకం మీద దొరికిన వీడియోలన్నీ చూసేశాడు. లేచేసరికి మనిషి మారిపోయాడు. తాగుడు మానేసినవాడు పక్కవాడి చేతిలో సోడా చూసినా ఉపన్యాసం మొదలుపెట్టినట్టు, ఇంట్లో ఎవరు చెంబు పట్టుకున్నా ఆయన అడ్డంగా వచ్చి నిలబడేవాడు.

"నేను అటు వెళ్ళగానే జాలిపడి ఒక్క చుక్క పోశావో, చూడు మరి" అన్నాడు ఆ పొద్దున బూట్లు తొడుక్కుంటూ.

"ముంచింది మీరు, నీతులు నాకా?" అంది భార్య. ఆ రోజు ఆవిడకి సెలవు. "కుండీ నా ఒక్కదాని వల్ల కాదు. అమ్మని సాయం రమ్మన్నాను."

"మీ అమ్మ ఎందుకు? నేను ఫోన్లో చెప్తూనే ఉంటాగా."

"ఫోను కుండీ ఎత్తదు కదండీ."

ఆవిడ తల్లి రెండు వీధుల అవతల ఉంటుంది. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ నడిచొస్తుంటే వీధిలో కుక్కలు కూడా వరసలో నిలబడతాయి. అత్తగారు ఇంట్లో ఉన్నంతసేపూ ఇంట్లో లేకుండా ఉండే విద్యలో చెవులాయన బాగా ఆరితేరాడు. అందుకని ఇంకేం వాదించకుండా ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

రిపేరు గదికీ క్యాషు కౌంటరుకీ మధ్య ఉన్నది ఒక పల్చటి చెక్క. ఆ కంపెనీలో కస్టమర్లకి తప్ప అందరికీ అన్నీ వినిపిస్తాయి. చెక్కకి అవతల కూచునే క్యాషియరమ్మకి మరీ బాగా వినిపిస్తాయి. తన అత్తగారిని తాను ఎలా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోందో రోజుకొకరికైనా చెప్పందే ఆవిడకి అన్నం సహించదు. ఆ పొద్దున రసీదులకి పిన్నులు కొడుతుండగా అవతలనుంచి చెవులాయన గొంతు వినపడింది.

"పెద్దావిడ ఎలా ఉంది?"

ఇంట్లో ముసలావిడ ఉన్నట్టు ఈయన ఎప్పుడూ చెప్పలేదే అనుకుని క్యాషియరమ్మ పిన్ను కొట్టడం ఆపింది.

"వాడిపోయినట్టు కనిపిస్తోందా? అంతా నటన. నమ్మకు... వద్దు, వద్దు, నీళ్ళు పొయ్యొద్దు. నెలకోసారి చాలు!"

నెలకోసారి స్నానమా అని క్యాషియరమ్మ ముక్కు మూసుకుంది. కానీ అవతల గొంతు ఇంకా పెరిగింది.

"చావదు లేవోయ్! ఇన్నాళ్ళూ తాగిందంతా ఒంట్లో దాచుకునే ఉంటుంది. దాంతోనే బతుకుతుంది... ఇంకా పైకి తియ్యలేదా? ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగండి. లాగి తీసుకెళ్ళి ఎండలో పడెయ్యండి. కాస్త కమిలినా ఫరవాలేదు, అదే అలవాటు పడుతుంది."

క్యాషియరమ్మ చేతిలోంచి పిన్నుల డబ్బా జారి పడింది. అన్నిటికంటే ఆవిడకి కష్టం కలిగించిన విషయం, అంత పెద్దావిడని పట్టుకుని అతను 'అది' అనడం.

"ఏంటీ! పక్కన పిల్లలు కూడా వేసిందా? ఈ వయసులోనా? భేష్!"

ఈ ఒక్క మాట క్యాషియరమ్మకి బోధపడలేదు. బోధపడని మాటని అక్కడే వదిలేసి, బోధపడినవాటిని తీసుకుని ఆవిడ కౌంటర్లోంచి బయటికి నడిచింది.

టీ తాగే వేళకి పెద్దావిడని ఎండలో కూచోబెట్టారు. కాసేపటికి కట్టేసి కూచోబెట్టారు. భోజనాల వేళకి ఆవిడ చేత ఆస్తి కాగితాల మీద వేలిముద్ర కూడా వేయించేశారు. ఆఫీసులో ఏ పనీ ఇంత తొందరగా జరగదు.

చెవులాయన అన్నం డబ్బా తెచ్చుకుని బల్ల దగ్గర కూచోగానే పక్కనున్న ఇద్దరు లేచిపోయారు. క్యాషియరమ్మ మాత్రం ఎదురుగా వచ్చి కూచుంది. ఎవరో ఒకరు అడగాలి కదా.

"ఇంట్లో పెద్దావిడ ఎలా ఉన్నారండీ?"

చెవులాయన మొహం విప్పారింది. ఆయన కొత్త అభిరుచి గురించి ఆఫీసులో ఒకళ్ళు అడగడం ఇదే మొదటిసారి. "మీకెలా తెలిసిందండీ? బాగానే ఉంది. ఒళ్ళు కాస్త తగ్గించాను."

"మీ మనసుకి ఏమీ అనిపించదా?"

"మొదట్లో అనిపించేదండీ. చూస్తే జాలేసి రోజూ గ్లాసుడు పోసేవాణ్ణి. తర్వాత తెలిసింది, వీటిని చంపేది మన ప్రేమే. ఒట్టి గాలి, వెలుతురు చాలు. మీ ఇంట్లో ఉంటే మీరూ మానెయ్యండి."

"మా ఇంట్లో ఆవిణ్ణి నేను దేవతలా చూసుకుంటున్నానండీ!" అని క్యాషియరమ్మ విసురుగా లేచిపోయింది. వెళ్ళేముందు 'గాలి, వెలుతురు' అన్న రెండు మాటలూ మాత్రం ఎందుకో మనసులో గుర్తుపెట్టుకుంది.

చెయ్యి కడుక్కుంటున్న చెవులాయన పక్కకి టైపిస్టు వచ్చి నిలబడ్డాడు. పొద్దున్నుంచీ అందరికంటే గట్టిగా "ఛీ, ఛీ" అన్నది అతనే. ఇప్పుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా ఇంట్లోనూ ఒకావిడ ఉందండీ. ఎంత చేసినా ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. మీరు ఎలా దారికి తెచ్చారు?"

"అతిగా చేస్తున్నారన్నమాట. మాటిమాటికీ దగ్గరికెళ్ళి చూస్తారా?"

"రోజుకి పదిసార్లు చూస్తామండీ. ఇంటిల్లిపాదీ."

"అదే తప్పు. తాక్కూడదు, జరపకూడదు, ఎలా ఉందో అని వంగి వంగి చూడకూడదు. మంచి కిటికీ దగ్గర పెట్టి మర్చిపోండి."

"మర్చిపోవడమా?"

"అదే అసలు సంరక్షణండీ."

టైపిస్టు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అతనికి చేతనైన సలహా ఎవరైనా ఇవ్వడం ఇదే మొదలు. అతను వెంటనే ఒక మూలకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

ఈ సంగతి మేనేజరుదాకా వెళ్ళడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయన గది గోడ మీద, తెల్లజుట్టు దంపతులు నవ్వుతున్న బొమ్మ కింద 'మీ పెద్దల మాట మాకు వినిపిస్తుంది' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కంపెనీ కస్టమర్లందరూ పెద్దవాళ్ళే. రిపేరు చేసేవాడు ఇంట్లో ముసలావిడని ఎండబెడుతున్నాడని బయటికి పొక్కితే రేపట్నుంచి గడప తొక్కేవాడుండడు. మేనేజరు చెవులాయనని పిలిపించాడు. ఉద్యోగం తీసేసే మాట నాలుక చివరన సిద్ధంగా ఉంది. ముందు న్యాయంగా విచారణ జరపాలని మాత్రం ఆగాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో పెద్దావిడ పరిస్థితేంటి?"

మేనేజరుగారిదాకా వెళ్ళిందా అని చెవులాయన ఉబ్బిపోయాడు. "కింద కుళ్ళు పట్టింది సార్. ఒక రకం వాసన కూడా వస్తోంది. తప్పంతా నాదే. సాయంత్రం ఆపరేషన్ ఉంది."

"ఏ ఆస్పత్రిలో?"

"ఆస్పత్రి ఎందుకు సార్? ఇంట్లోనే. నేనే చేస్తాను."

"నువ్వా?"

"వీడియోలు చూశాను సార్. చాలా తేలిక. కత్తి నిప్పు మీద కాల్చి కింద సగం తీసేస్తే పై సగం హాయిగా బతుకుతుంది."

మేనేజరు బల్ల మీదున్న మంచినీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు. "మరి... నొప్పో?"

"దానికేం తెలుస్తుంది సార్!" అని చెవులాయన గది దద్దరిల్లేలా నవ్వాడు. "కావాలంటే మీరూ రండి. చూసి నేర్చుకోవచ్చు."

మేనేజరు మరో మాట లేకుండా, స్టోర్లో ఉన్న పాత మిషన్లన్నీ తుడిచి పెడితే గానీ ఇంటికి కదలడానికి వీల్లేదని ఆజ్ఞ వేసి ఆయన్ని బయటికి పంపేశాడు. పోలీసులకి ఫోను చేద్దామని క్యాషియరమ్మ అంది. మేనేజరు ఆలోచించాడు. పోలీసులొస్తే ఫోటోలో ముందు వాళ్ళే నిలబడతారు. ఒక వృద్ధురాలిని కంపెనీ స్వయంగా కాపాడి, ఆవిడ చెవిలో కంపెనీ కొత్త మిషను పెట్టి, ఆవిడ మొదటిసారి ప్రపంచాన్ని విని కన్నీళ్ళు పెట్టుకుంటుండగా తీసిన ఫోటో అయితే, ఆ గోడ మీది దంపతుల్ని ఇంక పీకేసి పక్కన పెట్టొచ్చు.

వ్యాను బయల్దేరింది. మేనేజరు, క్యాషియరమ్మ, టైపిస్టు, కెమెరా పట్టుకున్న ప్రకటనల విభాగం మనిషి, ఒక పూలగుత్తి, ఒక పళ్ళ బుట్ట. మానవత్వం మాట ఎలా ఉన్నా, ఆఫీసు వేళలో బయట తిరగడం ఎవరికి చేదు?

ఇంట్లో ఆ సమయానికి కుండీతో పెద్ద యుద్ధమే జరిగి ముగిసింది. తడిసిన మట్టి బిగుసుకుపోయి మొక్క ఓ పట్టాన రాలేదు. డ్రిల్లు టీచరు కొంగు బిగించి, కుండీని రెండు పాదాల మధ్య ఇరికించుకుని, "ఒకటి, రెండు, మూడు" అని లాగేసరికి మొక్క చేతికొచ్చింది, మట్టి నెత్తిమీదికొచ్చింది. మొక్కని బాల్కనీలో పాత పేపరు మీద పడుకోబెట్టి, ఆయాసం తీర్చుకోవడానికి ఆవిడ ఆ పక్కనే ఎండలో స్టూలు మీద కూలబడి కళ్ళు మూసుకుంది. మొగుడొచ్చేలోపు సిద్ధంగా ఉంచుదామని కూతురు వంటింట్లో కత్తి కాలుస్తోంది. చెత్త ఊడవడానికి వీధి తలుపు బార్లా తీసి ఉంది.

ఆ తలుపులోంచి క్యాషియరమ్మ బాల్కనీ దాకా చూసింది. చుర్రుమనే ఎండ, స్టూలు మీద ముసలావిడ, జుట్టునిండా మట్టి, మూసుకున్న కళ్ళు.

"అయ్యో, తల్లీ!" అని ఒక్క పరుగు తీసి, ఆవిడ గడ్డం పట్టుకుని ఎత్తి, సీసాలో నీళ్ళన్నీ గొంతులో పోసేసింది.

నిద్రలో ఉన్న మనిషి ఉక్కిరిబిక్కిరై లేవబోయింది. మేనేజరు భుజం పట్టుకుని కూచోబెట్టాడు. "మీరేం మాట్లాడకండమ్మా, ఓపిక లేదు" అంటూ కొత్త మిషను ఆవిడ చెవిలో దూర్చి, దాని శక్తి ఎంతుందో అంతా తిప్పి, ఆ చెవికి నోరు ఆనించి అరిచాడు. "భయపడకండి! మేం వచ్చేశాం!"

డ్రిల్లు టీచరువి పాము చెవులు. గడ్డి కదిలినా వినపడుతుంది. అలాంటి చెవిలో ఆ అరుపు బాంబులా పేలింది. దెబ్బకి ఆవిడలో ఉద్యోగం మళ్ళీ మేలుకుంది.

"అటెన్షన్!"

మేనేజరుతో సహా అందరూ మడమలు జోడించి నిటారుగా నిలబడ్డారు. అదే క్షణాన ఎర్రగా కాలిన కత్తితో వంటింట్లోంచి కూతురు వచ్చింది. క్యాషియరమ్మ కెవ్వుమంది. కెమెరా మనిషి అలవాటు కొద్దీ నొక్కేశాడు. ఆ ఫోటోలో క్యాషియరమ్మ వెనకాల దాక్కున్నది మేనేజరే అని తర్వాత ఆయన బెల్టుని బట్టి తేలింది.

"ఎవరండీ మీరంతా? మా అమ్మని ఏం చేస్తున్నారు?"

"మీ అమ్మా? పెద్దావిడ ఈవిడ కాదా?" అన్నాడు మేనేజరు నెమ్మదిగా బయటికొచ్చి.

"పెద్దావిడ అదిగోనండీ, పేపరు మీద."

అందరూ వంగి చూశారు. లావుపాటి ఆకులతో, కుళ్ళిన మొదలుతో, పక్కన రెండు చిన్న పిలకలతో, ఎవరు చూస్తే నాకేం అన్నట్టు పడుకుని ఉంది మొక్క. ఒక ముసలావిడ క్షేమంగా ఉందని తెలిసినందుకు అందరి మొహాల్లోనూ నిరాశ స్పష్టంగా కనిపించింది.

ముందుగా తేరుకున్నది టైపిస్టు. "అంటే, మధ్యాహ్నం ఆయన నాకు చెప్పిందంతా మొక్క గురించా?"

"మరి దేని గురించనుకున్నారు?" అంది చెవులాయన భార్య.

టైపిస్టు మొహం సున్నం కొట్టినట్టయింది. మెట్లు మూడేసి చొప్పున దూకుతూ వీధిలోకి పరిగెత్తాడు.

డ్రిల్లు టీచరు చెవిలోంచి మిషను పీకి పక్కన పెట్టి, జరిగిందంతా వరసగా చెప్పమంది. క్యాషియరమ్మ చెప్పింది. పెద్దావిడ, నీళ్ళు, నెలకోసారి, ఎండ, కత్తి, ఒక్కటీ వదల్లేదు. ఆవిడ చెప్తుండగానే స్టోరు పని ముగించుకున్న చెవులాయన ఇంటికొచ్చి, గుమ్మం నిండా చెప్పులు చూసి, బాల్కనీలో తన ఆఫీసు సగం నిలబడి ఉండడం చూసి పరమానందపడ్డాడు.

"అప్పుడే వచ్చేశారా సార్! మొదలుపెట్టెయ్యలేదు కదా?"

"పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు మేనేజరు ఆయన్ని పట్టించుకోకుండా, డ్రిల్లు టీచరుతో. "మీ అల్లుడు మిమ్మల్ని నీళ్ళివ్వకుండా మాడుస్తున్నాడని అనుకున్నాం. ఆయన మీద మాకు ఎంత మంచి అభిప్రాయం ఉందంటే..."

"ఉండండి" అందావిడ. అందరూ ఆగారు. "మీరు మరీ అంత పొరపాటేం పడలేదు." అని అల్లుడి వైపు తిరిగింది. "అల్లుడూ, నేను ఈ ఇంటికి రెండు రోజులకోసారి వస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, అత్తయ్యా మంచినీళ్ళు కావాలా అని అడిగావా?"

చెవులాయన గుర్తు చేసుకోవడానికి నిజాయితీగానే ప్రయత్నించాడు. మొక్కకి టీ గ్లాసుతో పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి గానీ, అత్తగారికి ఇచ్చిన గ్లాసు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇందాక ఆయన్ని నిర్దోషిగా వదిలేసిన కళ్ళన్నీ మళ్ళీ ఆయన మీద వాలాయి. క్యాషియరమ్మ అయితే పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు ఒక నిట్టూర్పు విడిచింది.

చెవులాయన లోపలికి పరిగెత్తి, గ్లాసు తొణికేలా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. "అత్తయ్యా, మంచినీళ్ళు."

"ఇప్పుడొద్దులే నాయనా" అందావిడ తడిసిన కొంగు పిండుకుంటూ. "ఇందాకే మీ క్యాషియరు సీసాడు పోసింది. ఇంక నెల దాకా అక్కర్లేదు."

మేనేజరు పళ్ళ బుట్ట ఆవిడ ముందుంచి, కనీసం ఫోటో కోసమైనా మిషను ఒక్కసారి పెట్టుకోమని బతిమాలాడు. ఆవిడ దాన్ని ఆయన చేతిలో పెట్టి, "ఇది మీ క్యాషియరుకి పెట్టండి. మిగతా సగం కూడా వినపడుతుంది" అంది. పళ్ళు మాత్రం ఉంచుకుంది. వాళ్ళు వెళ్ళాక మంచం బాల్కనీ పక్క గదిలో వెయ్యమని కూతురికి చెప్పి, బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికెళ్ళింది. నెల దాటాక నీళ్ళు ఎలా ఇస్తాడో దగ్గరుండి చూడాలట. మొక్కకి ఆపరేషన్ ఆ సాయంత్రమే అయింది. చెవులాయన చూపు మాటిమాటికీ పక్క గదిలో మంచం మీదికి పోవడం వల్ల కాస్త ఎక్కువే తెగింది.

మర్నాడు టైపిస్టు ఆలస్యంగా వచ్చాడు. అందరూ అతని చుట్టూ మూగారు.

"ఏం కాలేదు కదా? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అంది క్యాషియరమ్మ ఆశగా.

"ఏం చెప్పమంటారండీ!" అన్నాడు టైపిస్టు నీరసంగా. "మా అమ్మకి కిటికీ దగ్గర కుర్చీ వేసి, ఎవరూ పలకరించొద్దని నిన్న మధ్యాహ్నం మా ఆవిడకి ఫోన్లో చెప్పాను. గుండెలు బాదుకుంటూ ఇంటికెళ్ళేసరికి, అమ్మ కిటికీ గట్టు మీద కాళ్ళు చాపుకుని, వీధిలో ఎవరో కొట్టుకుంటుంటే చూస్తూ కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి, అప్పుడే వచ్చేశావేంరా అంది."

"అదేంటి?"

"మాత్ర వేసుకున్నావా, స్వెట్టరు వేసుకున్నావా, పడుకున్నావా, లేచావా అని పొద్దస్తమానం ప్రాణం తోడేస్తామటండీ మేం. ఇన్నాళ్ళకి ఒక్క పూట హాయిగా గడిచిందట. దయుంచి రేపు కూడా ఇలాగే మర్చిపొమ్మంది."

క్యాషియరమ్మ పైకి "ఛీ, ఛీ" అంది. చాలాసేపు అంది. తర్వాత కౌంటర్లో కూచుని ఎందుకో చెక్క వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ రిపేరు గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని కూచుని, మొక్కల పెంపకం గురించి మొదటినుంచీ వివరంగా చెప్పమని చెవులాయనని అడిగింది. వాళ్ళింట్లో ఒక్క మొక్క కూడా లేదు.